ప్రాణాలు దక్కించుకోడానికి పడవెక్కిన మనిషి.. ప్రపంచానికి ‘గుడ్డు కుర్చీ’ ఇచ్చాడు

ఆ కుర్చీని మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. పెద్ద హోటళ్ల లాబీల్లో, సినిమాల్లో, యాడ్స్‌లో కనిపిస్తుంటుంది. పగిలిన గుడ్డు పెంకును నిలబెట్టి లోపల మెత్త వేసినట్టు ఉంటుంది. అందులో కూర్చుంటే వీపుకే కాదు, తలకు రెండు పక్కలా కూడా చాటు దొరుకుతుంది. ఒంటి కాలు మీద అటూ ఇటూ తిరుగుతుంది. దాని పేరు ఎగ్ చెయిర్. దాన్ని చూసి చేసిన నకళ్లు మన దేశంలోనూ అమ్ముతున్నారు. కుర్చీ తెలిసినంతగా దాన్ని తయారు చేసిన మనిషి మాత్రం మనలో చాలామందికి తెలియదు.

ఆయన పేరు ఆర్నే జాకబ్‌సన్. డెన్మార్క్ దేశపు ఆర్కిటెక్ట్. ఈ కుర్చీకి రూపం ఇవ్వడానికి సరిగ్గా 15 ఏళ్ల ముందు ఆయన ఇల్లు, ఆఫీసు, చేతిలో ఉన్న పనులు అన్నీ వదిలేసి చిన్న పడవలో సముద్రం దాటి పారిపోవాల్సి వచ్చింది. చేసిన నేరం ఏమీ లేదు. యూదు కుటుంబంలో పుట్టడమే ఆయన తప్పయింది.

పిన్నీసుల వ్యాపారి కొడుకు

జాకబ్‌సన్ 1902 ఫిబ్రవరి 11న డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పుట్టారు. తండ్రి యోహాన్ హోల్‌సేల్ వ్యాపారి. పిన్నీసులు, టిచ్ బటన్లు అమ్మేవారు. తల్లి పౌలీన్ బ్యాంకులో పని చేసేవారు, తీరిక దొరికితే పూల బొమ్మలు వేసేవారు. తల్లి నుంచి వచ్చిందో ఏమో, కొడుక్కి కూడా బొమ్మలంటే పిచ్చి. ఆ రోజుల్లో డబ్బున్న ఇళ్ల గోడలకు ముదురు రంగుల్లో పూలూ లతలూ ఉన్న కాగితాలు అంటించేవారు. చిన్నప్పుడు తన గదిలోని అలాంటి గోడలకు జాకబ్‌సన్ తెల్ల రంగు పూసేశారని ఆయన గురించి చెప్పుకునే కథల్లో ఒకటి.

పెయింటర్ కావాలని ఆయన కోరిక. తండ్రి వ్యాపారి కదా, బొమ్మలతో ఇల్లు గడవదని భయం. ఆర్కిటెక్ట్ అయితే నాలుగు రాళ్లు వస్తాయని ఆ దారి పట్టించారు. బోర్డింగ్ స్కూల్లో పరిచయమైన లాసెన్ అన్నదమ్ములు, మోగెన్స్, ఫ్లెమింగ్, కూడా అదే రంగంలోకి వచ్చారు. జాకబ్‌సన్ ముందు తాపీ పని నేర్చుకున్నారు. ఇటుక మీద ఇటుక పెట్టడం చేతికి వచ్చాకే 1924లో కోపెన్‌హాగన్‌లోని రాయల్ అకాడమీలో చేరారు. అక్కడ చదువుతుండగానే 1925లో పారిస్‌లో జరిగిన పెద్ద ఎగ్జిబిషన్‌లో ఆయన డిజైన్ చేసిన కుర్చీకి వెండి పతకం వచ్చింది. అంటే భవనాల కన్నా ముందే కుర్చీతోనే పేరు మొదలైంది. అదే ప్రయాణంలో లె కార్బూజియే కట్టిన పెవిలియన్ చూశారు. నగలూ నగిషీలూ లేని కట్టడం కూడా అందంగా ఉంటుందని ఆ కుర్రాడికి అక్కడ తెలిసొచ్చింది.

పేరుతో పాటు తిట్లూ

1929లో ఫ్లెమింగ్ లాసెన్‌తో కలిసి ‘భవిష్యత్తు ఇల్లు’ పేరుతో గుండ్రటి ఇల్లొకటి డిజైన్ చేసి పోటీలో గెలిచారు. దానికి కారు గ్యారేజీ, పడవ పెట్టుకునే చోటు, మిద్దె మీద చిన్న విమానం లాంటిది దిగడానికి జాగా కూడా పెట్టారు. ఆ ఇంటిని ఎగ్జిబిషన్‌లో నిజంగా కట్టి చూపించారు. మరుసటి ఏడాదే సొంత ఆఫీసు తెరిచారు.

ఆ తర్వాత కోపెన్‌హాగన్ ఉత్తరాన ఉన్న క్లాంపెన్‌బోర్గ్ తీరంలో బెల్‌వ్యూ బీచ్ పని దక్కింది. 1932లో అది పూర్తయింది. అక్కడ ఆయన కట్టడాలతో ఆగలేదు. నీలం చారల లైఫ్‌గార్డ్ టవర్లు, టిక్కెట్లు, సిబ్బంది యూనిఫామ్ అన్నీ తనే గీశారు. బిల్డింగ్ కట్టి తాళం చెవి ఇచ్చి వెళ్లిపోయే రకం కాదన్నమాట. మనిషి చెయ్యి తగిలే ప్రతి వస్తువూ తన పనే అనుకున్నారు. ఈ అలవాటు చివరిదాకా పోలేదు. దాపుల్లోనే తెల్లటి అపార్ట్‌మెంట్లు, థియేటర్, పుట్టగొడుగు ఆకారంలో కాంక్రీటు పైకప్పు ఉన్న పెట్రోల్ బంకు కట్టారు. ఆ బంకు ఇప్పటికీ ఉంది.

అందరూ మెచ్చుకున్నారా అంటే, లేదు. కోపెన్‌హాగన్ పాత బస్తీ నడిమధ్యలో 1930ల చివర్లో ఆయన కట్టిన స్టెల్లింగ్ హౌస్ మీద జనం మండిపడ్డారు. పాత కట్టడాల మధ్య ఈ నున్నటి గోడలేంటని పత్రికలు ఏకిపారేశాయి. ఎరిక్ మోల్లర్‌తో కలిసి ఆర్హుస్ నగరానికి సిటీ హాల్ డిజైన్ చేస్తే, దానికి టవర్ లేదని పెద్ద గొడవ. సిటీ హాల్ అంటే టవర్ ఉండాల్సిందేనని జనం పట్టుబట్టడంతో చివరికి టవర్ కలిపారు. ఆ భవనం 1940ల మొదట్లో పూర్తయింది. అప్పటికి డెన్మార్క్ నాజీ జర్మనీ చేతిలో ఉంది.

1943 అక్టోబర్

జర్మన్ సైన్యం 1940 ఏప్రిల్ 9న డెన్మార్క్‌ను ఆక్రమించింది. మొదటి మూడేళ్లు డెన్మార్క్ ప్రభుత్వం పేరుకైనా నడిచింది. మిగతా దేశాల్లో యూదుల మీద జరిగిన దారుణాలు ఇక్కడ వెంటనే మొదలు కాలేదు. 1943 ఆగస్టులో సమ్మెలు, విధ్వంసాలు పెరిగి ప్రభుత్వం దిగిపోయాక పరిస్థితి తిరగబడింది. యూదులందర్నీ ఒకే రాత్రి పట్టుకుని క్యాంపులకు తరలించాలని నాజీలు ప్లాన్ వేశారు. ముహూర్తం అక్టోబర్ 1 రాత్రి.

ఆ సంగతి ముందే బయటకు పొక్కింది. గెయోర్గ్ డుక్‌విట్జ్ అనే జర్మన్ అధికారి డెన్మార్క్ నాయకుల చెవిన వేశాడు. అక్కణ్ణుంచి కబురు ఇంటింటికీ పాకింది. నాజీ పోలీసులు వచ్చి తలుపులు తట్టేసరికి చాలా ఇళ్లు ఖాళీ. యూదులను పక్కింటివాళ్లు, పాస్టర్లు, డాక్టర్లు దాచారు. ఆసుపత్రుల్లో రోగుల పేరుతో మంచాల మీద పడుకోబెట్టారు. జాలర్లు రాత్రిళ్లు పడవల్లో ఓరెసుండ్ జలసంధి దాటించి, యుద్ధంలో లేని స్వీడన్‌కు చేర్చారు. ఇదంతా ఉచితంగా జరిగిందనుకోవద్దు. కొందరు పడవకు బాగానే వసూలు చేశారు. డబ్బు లేనివాళ్ల కోసం చందాలు పోగు చేసినవాళ్లూ ఉన్నారు. మొత్తానికి కొన్ని వారాల్లోనే 7 వేల మందికి పైగా యూదులు స్వీడన్ చేరారు. దాదాపు 470 మంది మాత్రం చిక్కి, థెరీజియన్‌స్టాట్ క్యాంపుకు తరలిపోయారు.

స్వీడన్ చేరినవాళ్లలో జాకబ్‌సన్ ఒకరు. అప్పటికి ఆయన వయసు 41. పేరు, ఆఫీసు, చేతినిండా పని ఉన్న మనిషి. భార్య యోన్నాతో కలిసి చీకట్లో తెడ్లు వేసే చిన్న పడవ ఎక్కారు. అదే పడవలో దీపాల డిజైన్‌తో పేరు తెచ్చుకున్న పౌల్ హెన్నింగ్‌సెన్ దంపతులు కూడా ఉన్నారు. హెన్నింగ్‌సెన్ యూదుడు కాడు, కానీ నాజీలను బాహాటంగా విమర్శించిన మనిషి. అవతలి ఒడ్డు చేరేదాకా ప్రాణాలు అరచేతిలోనే.

కాందిశీకుడి చేతి పని

స్వీడన్‌లో ప్రాణం దక్కింది గానీ, కట్టడానికి భవనాలు దొరకలేదు. కాందిశీకుడికి ఎవరు కాంట్రాక్ట్ ఇస్తారు? ఆ రెండేళ్లూ జాకబ్‌సన్‌కు చిన్నప్పటి బొమ్మలే అక్కరకొచ్చాయి. అడవిలో గడ్డి, ఆకులు, పొదలు, పూలు చూసి నీటి రంగుల్లో బొమ్మలు వేశారు. యోన్నా బట్టల మీద అచ్చు వేసే పని నేర్చిన మనిషి. ఇద్దరూ కలిసి ఆ బొమ్మలను కర్టెన్ బట్టల మీదికి, గోడ కాగితాల మీదికి ఎక్కించారు. స్టాక్‌హోమ్‌లోని పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ నోర్డిస్కా కొంపానియెట్ వాటిని తీసుకుంది. నాజీల నుంచి పారిపోయి వచ్చిన జంట పూలూ ఆకులతో ఇల్లు నెట్టుకొచ్చింది.

1945లో యుద్ధం ముగియగానే తిరిగొచ్చారు. ఇటుకకూ సిమెంటుకూ కటకటగా ఉన్న రోజులు. ఒకప్పుడు తను బీచ్ కట్టిన క్లాంపెన్‌బోర్గ్‌లోనే పసుపు ఇటుకతో వరుస ఇళ్లు కట్టి, అందులో ఒక దాంట్లో కాపురం పెట్టారు. ఇంటి ముందున్నది ఓరెసుండ్ జలసంధే. ఏ నీళ్ల మీదుగా పారిపోయారో ఆ నీళ్ల ఒడ్డునే మిగతా జీవితమంతా గడిపారు. ఇంటి వెనక చిన్న తోటలో 300 రకాలకు పైగా మొక్కలు పెంచారు.

చీమ కుర్చీ మీద పందెం

1952లో నోవో అనే మందుల కంపెనీ క్యాంటీన్ కోసం ఆయన ఓ కుర్చీ చేశారు. పల్చటి ప్లైవుడ్ ముక్క ఒక్కటే. దాన్నే వంచి కూర్చునే చోటూ, వీపు ఆనుకునే చోటూ చేసేశారు. కింద సన్నటి ఇనుప కాళ్లు మూడు. గుండ్రటి టేబుల్ చుట్టూ నాలుగు కాళ్ల కుర్చీలు వేస్తే మనుషుల కాళ్లకు అడ్డం వస్తాయని ఆయన లెక్క. నడుము దగ్గర సన్నగా ఉండటంతో దానికి చీమ అని పేరు పడింది.

తయారు చేయాల్సిన ఫ్రిట్జ్ హాన్సెన్ కంపెనీకి మాత్రం నమ్మకం కుదరలేదు. కొత్త అచ్చులు, కొత్త మిషన్ పని అంటే పెట్టుబడి. సరుకు మిగిలిపోతే నష్టం ఎవరిది? వ్యాపారం చేసే ఎవరైనా అడిగే ప్రశ్నే ఇది. అమ్ముడుపోనివన్నీ తనే కొంటానని జాకబ్‌సన్ పూచీ పడ్డారు. కొనాల్సిన అవసరమే రాలేదు. 1955లో దానికి తమ్ముడిలా ‘సిరీస్ 7’ కుర్చీ వచ్చింది. ఈసారి నాలుగు కాళ్లు. అది లక్షల్లో అమ్ముడై, ఆ కంపెనీకి ఎప్పటికీ ఎండని బావి అయింది. ఇవాళ ఆఫీసుల్లో, హోటళ్లలో కనిపించే ఒంటి పలక కుర్చీల్లో చాలా వాటికి మూలం ఇదే.

గ్యారేజీలో పుట్టిన గుడ్డు

ఇక అసలు కుర్చీ కథకు వద్దాం. 1950ల మధ్యలో స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ కోపెన్‌హాగన్ నడిబొడ్డున పెద్ద హోటల్ కట్టాలనుకుంది. పేరు ఎస్ఏఎస్ రాయల్ హోటల్. ప్రయాణికులు ఊళ్లోనే సామాను అప్పజెప్పి, ఇక్కణ్ణుంచి బస్సులో ఎయిర్‌పోర్టుకు వెళ్లే ఏర్పాటు కూడా అందులో పెట్టారు. పని జాకబ్‌సన్‌కు అప్పగించారు. ఎప్పటిలాగే భవనంతో ఆగలేదు. దీపాలు, కర్టెన్లు, తలుపు హ్యాండిళ్లు, యాష్‌ట్రేలు, చివరికి చెంచాలూ ఫోర్కులూ కూడా ఆయనే గీశారు.

హోటల్ 20 అంతస్తులు దాటిన గాజు పెట్టె. అన్నీ నిలువు గీతలు, అడ్డ గీతలే. అలాంటి దాని కింద విశాలమైన లాబీ. వచ్చేవాళ్లు వస్తుంటారు, పోయేవాళ్లు పోతుంటారు. అందులో కూర్చునేవాడికి నాలుగు రోడ్ల కూడలిలో కూర్చున్నట్టే ఉంటుంది. పేపర్ చదువుకోడానికో, పక్క మనిషితో నెమ్మదిగా మాట్లాడుకోడానికో కొంచెం చాటు కావాలి. అలాగని లాబీ నిండా గోడలు కట్టలేం కదా. ఆ చాటును కుర్చీలోనే పెట్టారు జాకబ్‌సన్. ఎత్తయిన వీపు, రెండు పక్కలా ముందుకు వంగిన రెక్కలు. కింద తిరిగే కాలు ఉంది కాబట్టి మాట్లాడాలంటే మనిషి వైపు తిరగొచ్చు, వద్దనుకుంటే అటు తిరిగి కూర్చోవచ్చు. కుర్చీలో సరళ రేఖ అన్నది వెతికినా దొరకదు.

ఈ రూపం కాగితం మీద గీస్తే వచ్చేది కాదు. ఇంటి గ్యారేజీలో ఇనుప తీగ, ప్లాస్టర్ ముందేసుకుని చెక్కడం మొదలుపెట్టారు. కాస్త పూయడం, ఎండాక గీకడం, కూర్చుని చూడటం, మళ్లీ పూయడం. శాండోర్ పెర్జెసీ అనే శిల్పి తోడు నిలిచాడు. నిజానికి అది ఫర్నిచర్ పని కన్నా శిల్పుల పనికే దగ్గర.

రూపం కుదిరింది, మరి తయారీ ఎలా? అప్పటిదాకా సోఫా కుర్చీ అంటే లోపల కర్ర ఫ్రేము, స్ప్రింగులు, గుర్రపు వెంట్రుకల కూర. గుడ్డులా అన్ని వైపులా వంగే ఆకారం కర్రతో కుదరదు. అదే సమయానికి కొత్త సరుకు ఒకటి చేతికందింది. టీవీ డబ్బాల్లో సామాను దెబ్బ తినకుండా పెట్టే థర్మోకోల్ మనకు తెలుసు కదా, ఆ జాతిదే. చిన్న చిన్న ప్లాస్టిక్ గింజల్ని అచ్చులో పోసి వేడి చేస్తే పొంగి, ఒకదానికొకటి అతుక్కుని ఒకే పెంకులా తయారవుతాయి. కుర్చీ పెంకులకు ఈ పద్ధతిని హెన్రీ క్లైన్ అనే నార్వే డిజైనర్ కనిపెట్టగా, ఫ్రిట్జ్ హాన్సెన్ కంపెనీ హక్కులు తీసుకుంది. పెంకు మీద ఫోమ్, దాని మీద బట్టో తోలో. తర్వాతి రోజుల్లో లోపలి పెంకు సరుకు మార్చారు, ఆకారం మాత్రం మార్చలేదు.

పెంకును మిషన్ చేస్తుంది. పైన తొడుగు మాత్రం మనిషి చెయ్యాల్సిందే. ఏ చోటా చదునుగా లేని ఆకారం మీద ముడత రాకుండా తోలు లాగి పట్టడం అంత తేలిక కాదు. ఒక్క తోలు కుర్చీకి చేతితో వెయ్యికి పైగా కుట్లు పడతాయి. ప్లాస్టిక్ యుగపు కుర్చీ అని పేరే గానీ, సూది పట్టిన కార్మికుడు లేకపోతే అది పూర్తి కాదు. ఎగ్‌తో పాటే హంసను తలపించే ‘స్వాన్’, నీటి బొట్టులాంటి ‘డ్రాప్’ కుర్చీలు కూడా ఆ హోటల్ కోసమే పుట్టాయి. ఇవి తయారైన సంవత్సరం 1958.

హోటల్ మారింది, కుర్చీ మిగిలింది

1960లో హోటల్ తెరిచారు. పాత నగరం మధ్య ఈ గాజు డబ్బా ఏంటని మళ్లీ అవే తిట్లు. నగరంలోకెల్లా అందవిహీనమైన భవనం ఇదేనన్నారు కొందరు. జాకబ్‌సన్ చేసిన ఫోర్కులూ చెంచాలూ అతిథులకు వాటంగా లేవని కొన్నాళ్లకే పక్కన పెట్టారు. విచిత్రం చూడండి, 1968లో స్టాన్లీ కుబ్రిక్ తీసిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ సినిమాలో అంతరిక్షంలో ప్రయాణించేవాళ్లు తినేది ఆ చెంచాలతోనే!

ఏళ్లు గడిచేకొద్దీ హోటల్ లోపల ఒక్కొక్కటే మార్చేశారు. కర్టెన్లు పోయాయి, దీపాలు పోయాయి, గదుల్లో సామాను పోయింది. మొదటి రోజుల రూపంలో మిగిలిన గది ఒక్కటే, నంబర్ 606. నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులో ఎగ్, స్వాన్, డ్రాప్ కుర్చీలతో దాన్ని అలాగే కాపాడుతున్నారు. తలుపు పిడి నుంచి టవర్ దాకా అన్నీ ఒకరి చేతి మీదే ఉండాలన్న జాకబ్‌సన్ పట్టుదల ఆ హోటల్ విషయంలో నిలవలేదనే చెప్పాలి. నిలిచింది కుర్చీ. ఏ లాబీ కోసం పుట్టిందో ఆ లాబీని దాటి ప్రపంచమంతా తిరిగింది.

చివరి రోజులు

ఇంగ్లండ్ నుంచి కూడా పిలుపొచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో సెయింట్ క్యాథరీన్స్ కాలేజీ ఆయనే కట్టారు. అంత పాత యూనివర్సిటీలో పరాయి దేశం వాడికి పని ఇస్తారా అని అక్కడా సణిగినవాళ్లున్నారు. ఇవాళ అది ప్రభుత్వం మొదటి శ్రేణి వారసత్వ కట్టడంగా కాపాడుతున్న భవనం. అక్కడి భోజనాల హాల్లో ప్రొఫెసర్ల కోసం ఎత్తయిన వీపున్న కుర్చీలు చేశారు. అవి వరుసగా నిలబడితే వాళ్ల వెనక ఓ పల్చటి గోడ కట్టినట్టే ఉంటుంది. గుడ్డు కుర్చీలో పెట్టిన చాటునే ఇక్కడ చెక్కతో చేశారు.

చివరి ఏళ్లలో యోన్నా కొడుకు పీటర్ హోల్మ్‌బ్లాడ్ అడిగితే స్టెల్టన్ కంపెనీకి స్టీలు టీ కెటిళ్లు, గిన్నెలు గీసిచ్చారు. పైపులన్నీ గోడలో దాగి, బయటికి సన్నటి గొట్టం, పిడి మాత్రమే కనిపించే వోలా కుళాయిలు కూడా ఆ రోజుల్లోవే. డెన్మార్క్ నేషనల్ బ్యాంక్ భవనం, లండన్‌లో డెన్మార్క్ ఎంబసీ పనులు చేతిలో ఉండగానే 1971 మార్చి 24న 69 ఏళ్ల వయసులో హఠాత్తుగా కన్నుమూశారు. ఆయన ఆఫీసులోని హాన్స్ డిస్సింగ్, ఓట్టో వైట్లింగ్ ఆ పనులు పూర్తి చేశారు.

అసలు ధర ఎంత?

అసలైన ఎగ్ చెయిర్ ఇవాళ లక్షల రూపాయలు పలుకుతుంది. అందుకే నకళ్లకు అంత గిరాకీ. ఈ గొడవ పెద్ద కంపెనీలనూ వదల్లేదు. 2007లో లండన్‌లో మెక్‌డొనాల్డ్స్ రెస్టారెంట్లకు ఎగ్ కుర్చీలు ఇస్తున్న ఫ్రిట్జ్ హాన్సెన్, వాటి పక్కన నకళ్లు కూడా వాడుతున్నారని తెలిసి సరఫరా ఆపేసింది. నకలులో ఆకారం వస్తుంది. ఆ వెయ్యి కుట్ల ఓపిక రావడం కష్టం.

అయితే ఈ కుర్చీ ఖరీదును రూపాయల్లోనే లెక్కేస్తే సరిపోదు. 1943 అక్టోబర్‌లో కోపెన్‌హాగన్ జనం తమ తలుపులు మూసుకుని ఉంటే, స్వీడన్ తన ఒడ్డుకు రానివ్వకపోయి ఉంటే, చీమ కుర్చీ లేదు, గుడ్డు కుర్చీ లేదు, ఆక్స్‌ఫర్డ్ కాలేజీ లేదు. తలుపు తెరిచిన ఆ ఇళ్లవాళ్లకు తాము కాపాడిన వేల మందిలో ఎవరు ఏమవుతారో తెలియదు. గొప్ప డిజైనర్ అని ఎవర్నీ కాపాడలేదు. పక్కింటి మనిషి అని కాపాడారు. జాకబ్‌సన్‌తో పాటు ఆ నీళ్లు దాటినవాళ్లలో దర్జీలు ఉన్నారు, ముసలివాళ్లు ఉన్నారు, పసిపిల్లలు ఉన్నారు. వాళ్ల పేర్లతో ఏ కుర్చీ లేదు. కానీ వాళ్ల ప్రాణాల విలువ కూడా సరిగ్గా అంతే.